నాలుగోది

తొమ్మిదివేల రెండొందలు.
కవర్లో పెట్టి, కవరు సంచిలో పెట్టి,
సంచి చంకలో బిగించి
క్లాక్ టవర్ వెనక సందులోకి పోయినా.
పీరాన్ అంగట్లో పైన ఫ్యాను తిరగదు,
మూతలు తీసిన డబ్బాల్లో మాత్రం
చిన్న ఫ్యాన్లు అరడజను తిరుగుతాంటాయి.

"ఏం పని చేస్తావక్కా దీంట్లో?"
పెళ్లి పత్రికలు. కర్మంతరం కార్డులు.
ఇన్సూరెన్సు రాని చెనిక్కాయ రైతుల అర్జీలు.
బడుల క్వార్టర్లీ ప్రశ్నపత్రాలు.
"ఐతే రెండు కోర్లు చాలు" అని
బిస్కెట్టంత చిప్పు అరచేతిలో పెట్టినాడు.
అడుగంతా బంగారు ముళ్లు.
"ఒక్కటి వంగినా ఇంక అది నీదే."

అప్పుడు గొంతు తగ్గించినాడు
అంగట్లో మేమిద్దరమే ఉన్నా.
"నిజానికి దీంట్లో నాలుగుండాయి.
రెండింటికి తాళమేసి అమ్ముతాండారు."
ఎందుకప్పా?
"ఒగోసారి వాటికి జబ్బుండి.
ఒగోసారి ఏ జబ్బూ లేకుండానే,
రెండింటి ధరకు కొనేవాళ్లు ఎక్కువైనారని."

ఆ మాట నాకు చానాసేపు అరగలే.
బాగుండేదాన్ని బాగలేదని
మూలన కూర్చోబెట్టడం,
ధర కోసం.

"తాళం తీసే బోర్డు ఏడొందలెక్కువ.
తెరుచుకుంటే నాలుగు, లేదంటే ఉన్న రెండు యాడికీ పోవు.
గ్యారంటీ మాత్రం అడగొద్దు."

మా నాయన రాప్తాడు కాడ మూడు బోర్లేయించినాడు.
ప్రతిసారీ ఇట్లనే ఎవడో గొంతు తగ్గించి
ఇంకొక్క నూరడుగులు అన్నాడు.
ఆ నూరడుగులు నా ఇంటర్ చదువును మింగినాయి.
అంతా తెలిసి
ఏడొందలు లెక్కపెట్టి బల్లమీద పెట్టినా.
రక్తం యాడికి పోతాది.

షట్టరు సగం దించి
నీలం తెరమీద ఒక్క వరుస మార్చినాడు పీరాన్.
చీకటి.
తెప్పించిన టీ మీద మీగడ కట్టింది.
మళ్లీ వెలిగినప్పుడు
నాలుగు గళ్లు, నాలుగు పచ్చగీతలు
ఆస్పత్రిలో గుండెగీతల మాదిరి పాకుతా.

చెనిక్కాయలు ఒలిచే చేతులకు తెలుసు,
పైన మూడు బుడిపెలుంటాయి,
లోపలొకటి నొక్కిపోయి ఉంటాది.
పంటికింద పడి చేదయ్యేదాకా
కాయ ఏమీ చెప్పదు.

పదకొండు రోజులు ఏమీ కాలే.
పన్నెండో రాత్రి,
తెల్లారితే ఇయ్యాల్సిన ఏడో తరగతి లెక్కల పేపరు.
పద్దెనిమిదో ప్రశ్న, 'త్రిభుజము' దగ్గర
త్రి పడింది, భు పడలే.
తెర బిగుసుకుపోయింది.
మళ్లీ మొదలు. ఈసారి ఇంకో చోట.
ఎప్పుడు పడిపోతాదో చెప్పకపోవడమే దాని జబ్బు.

నిద్రగొంతుతో పీరాన్,
"ఒక్కొక్కటే మూసి చూడక్కా."
మూడోదాన్ని మూసినా. మళ్లీ బిగిసింది.
మూడోదాన్ని తెరిచి నాలుగోదాన్ని మూసినా.
నాలుగున్నరకు ప్రింటరు గొణుక్కుంటా
వేడివేడి పేపర్లు కక్కింది.

తర్వాతెప్పుడో తెలిసింది:
నా టైపు సాఫ్ట్‌వేరు పాతకాలందంట,
ఎన్నున్నా ఒక్కదాన్నే వాడుకుంటాదంట.
ఒకడు దున్నుతాంటే మిగిలినోళ్లు
గట్టుమీద బీడీలు కాలుస్తాండారు.
ముందే చెప్పకూడదా పీరా, అంటే
"చెప్పినా కదక్కా.
రెండు చాలని. మొదటి మాటే అది."

మొన్న పాలిటెక్నిక్ పిల్లోడొచ్చి
తాళం తీయిస్తే లాభమేనా అక్కా అన్నాడు.
ఏం చేస్తావని అడిగినా.
ఆటలాడతాడంట.
తీయించుకో, ఆగిపోతే మళ్లీ ఆడతావు.
దాంట్లో ఇంకొకరి పేపరుంటే మాత్రం వద్దు.

పనిలేని రాత్రి,
షట్టరు దించినంక
నాలుగోదాన్ని నేనే తెరుస్తా.
ఏమీ చేయించను.
ఊరికే దాని గీతను చూస్తా కూర్చుంటా.
నిన్న ఎనభై నిమిషాలు నిలబడింది.
పీరాన్‌కు చెప్పలే.